ఏడో తూము, ఒకే పొయ్యి

ఈసారి కాలువకు నీళ్లు వదిలి నలభై ఒకటో రోజు

పొద్దున ఒకటో తూము దగ్గర సమవర్తి కన్ను తుడిచాను. కందిరీగలు మళ్లీ గూడు కట్టాయి. ఈ కాలువ మీద ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత దించాలో నిర్ణయించే మహా యంత్రానికి కందిరీగ ఒక్కటి అడ్డొస్తే లోకం కనపడదు. పాత కాలువల మీద మా తాత ఈ పని పారతో చేశాడు. మా నాన్న ఇనప చక్రం తిప్పి చేశాడు. నేను పాత చీర ముక్కతో చేస్తున్నాను. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

సమవర్తి అంటే యముడని ఆ పేరు పెట్టినవాళ్లకు తెలుసో లేదో. తెలిసే పెట్టారని నా అనుమానం.

మడులకు నీళ్లు పంచేవాళ్లను మా సీమలో నీరుగంటి అంటారు. ఊళ్లో నేను నీరుగంటి సుంకమ్మను. కాగితాల్లో మాత్రం 'క్షేత్రస్థాయి జల సమానత్వ అనుసంధానకర్త'ను. జీతం నీరుగంటిదే. రోజూ ఈ దినచర్య రాయాలని పైనుంచి ఉత్తర్వు. మనుషుల మాటతీరు నేర్చుకోవడానికి సమవర్తి దీన్ని చదువుతుందట. ఇంజనీరు ప్రద్యుమ్న సారు తెర మీద కనపడి, "మనసులో ఉన్నది ఉన్నట్టు రాయండి సుంకమ్మగారూ, అదేమీ అనుకోదు" అన్నారు. ఇరవై ఏళ్ల నౌకరీలో నేను చెప్పేది వినడానికి ఒకరంటూ దొరికారు. వదులుతానా?

నదులు పాఠ్యపుస్తకాల్లోకి చేరాక, సముద్రం నీళ్లకు ఉప్పు తీసి, తొమ్మిది చోట్ల పైకెత్తి మా మెట్టకు పంపుతున్నారు. అంత దూరం నుంచి అంత కష్టపడి వచ్చిన నీళ్లు చివరి నాలుగు మైళ్లు మాత్రం నడవలేకపోతున్నాయి. ఒకటో తూము దగ్గర బోర్డు మీద ఒకే ఒక్క అంకె ఉంటుంది. కాలువ కింది రైతు కుటుంబాల ఆదాయాల్లో తేడా ఎంతో ఆ అంకె చెబుతుంది. అందరూ సమానమైతే సున్నా. దాన్ని తగ్గించడానికే సర్కారు కాలువ తవ్వించింది. కాలువ కొత్తలో అది ముప్పై ఎనిమిది. ఈ రోజు పదిహేడు. ప్రద్యుమ్న సారు తెర మీదే చప్పట్లు కొట్టారు.

ఎలా తగ్గిందో ఆయన అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తాను. మూడు కార్లు, అంటే మూడు పంటకాలాలు, వరసగా పంట పెట్టని కుటుంబం రైతు కుటుంబం కాదని నిబంధన. అలాంటివాళ్ల పేరు జాబితాలోంచి తీసేయాలి. నీళ్లు అందనిది ఎప్పుడూ కాలువ చివరివాళ్లకే, అందరికంటే పేదలూ వాళ్లే. వాళ్ల పేర్లు పోతే మిగిలినవాళ్ల మధ్య తేడా దానంతటదే తగ్గుతుంది. చదువు రాని నలుగురినీ బడి మాన్పించి, మా బడిలో అందరూ ఫస్టుక్లాసే అని చెప్పుకున్నట్టు. అరవై ఒక్క కుటుంబాల జాబితాలో ఇప్పుడు పంతొమ్మిది మిగిలాయి. యంత్రం తనంతట తాను పేరు తీసేయదు, దానికి మనిషి వేలు కావాలి. పోయిన నలభై రెండు పేర్ల మీదా పడింది నా బొటనవేలే. అది రాయకపోతే ఈ దినచర్య అబద్ధమవుతుంది.

నలభై మూడో రోజు

ఏడో తూముకు వెళ్లొచ్చాను. ఈ కాలువకు అదే ఆఖరు. దాని కింద ఒకే ఒక్క కుటుంబం మిగిలింది. తిప్పక్క, ఆమె తమ్ముడు మారెన్న, మూడెకరాలు. ఎప్పుడో సర్కారు వాళ్ల పెద్దలకు పట్టా ఇచ్చిన భూమి. ఇచ్చేటప్పుడు నీళ్లకు ఎంత దూరంగా ఇవ్వాలో చక్కగా కొలిచే ఇచ్చారు.

తిప్పక్కకు అరవై ఆరేళ్లు. చిన్నప్పుడు నన్ను సంకనేసుకుని తిప్పింది. ఇప్పటికీ నన్ను సుంకీ అనే ఒకే మనిషి. చేతిపంపు దగ్గర నుంచి మారెన్న బిందెలతో నీళ్లు మోస్తుంటే, ఆమె రాగి నారుమడి తడుపుతోంది.

"ఏమే సుంకీ, ఆ యంత్రాన్ని తుడిచి తుడిచి దాని కండ్లు అరగదీస్తివి. నా మడి మాత్రం దానికి అగపడల్యా?"

"అక్కా, నీకు నీళ్లు అక్కర్లేదని రాసుకుండాది అది."

"అక్కర్లేదా? ఎవురు చెప్పిరి?"

"పోయిన రెండు కార్లూ నువ్వు చుక్క వాడల్యా. వాడనోళ్లకి అక్కర్లేదని దాని లెక్క."

"వస్తేగదే వాడేది!" అని పెద్దగా నవ్వింది. తర్వాత నారు వేళ్లతో నిమిరి, "పదైదు దినాలు దాటితే ఇది ముదురుతాది. నాటినా పనికి రాదు" అంది. ఈసారి నవ్వలేదు.

ఆమెకు ఇది మూడో కారు. ఈసారీ పంట పెట్టకపోతే ఆమె పేరు పోతుంది, ఏడో తూముకు సిమెంటు బిగిస్తారు, ఆ మూడెకరాలు ఇక ఎప్పటికీ ఎండే. దానికీ నా వేలే కావాలి. అది తలుచుకుంటే రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

తిరిగొచ్చేటప్పుడు దొంగ గొట్టాలు లెక్కపెట్టాను. తూముతో పని లేకుండా, గట్టు కింద నుంచి గుట్టుగా నీళ్లు లాక్కునే గొట్టాలు. ఇరవై మూడు ఉన్నాయి. సమవర్తి ఏడో తూము పూర్తిగా ఎత్తినా అక్కడికి చేరేది గాలే. ఈ సంగతి దినచర్యలో రాయడం ఇది పదకొండోసారి. కింద ఎప్పటిలాగే దాని జవాబు వచ్చింది: "గమనించాను. గొట్టాలు నా నమూనాలో లేని వస్తువులు. దయచేసి నమూనాలో ఉన్న వస్తువుల గురించి రాయండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదినా, వాడు కనీసం మర్యాదగా తల ఊపుతాడు.

నలభై ఆరో రోజు

ఈ రోజు అందరి కడియాలకూ సమవర్తి నుంచి ఉత్తరం వచ్చింది. కడియం అంటే సర్కారు ప్రతి మనిషి చేతికీ తొడిగింది. నాడి చూస్తుంది, ఎక్కడున్నామో చూస్తుంది, ఏం తిన్నామో ఒంట్లో చేరిన దాన్నిబట్టి చెబుతుంది. దానికి తెలియనిది మనం ఏం తినలేదో, ఎందుకు తినలేదో మాత్రమే.

ఉత్తరం సారాంశం ఇది. ఇంకో నాలుగు రోజుల్లో కుటుంబాల లెక్క మొదలు. ఏడో రోజు సూర్యాస్తమయానికి అంకె పదిహేను దాటి ఉంటే ఒకటో తూముకు నీళ్లు సగానికి కోస్తారు. కింద కోయడానికి దాదాపు ఎవరూ మిగల్లేదు కదా, ఇక పైన కోయాలి. ఉత్తరం చివర ఒక పట్టిక కూడా ఉంది. ఇలాగే సాగితే ఇరవై రెండో కారుకు అంకె సున్నా అవుతుందట. ఆ పక్కనే, అప్పటికి మిగిలే రైతు కుటుంబాలు: ఒకటి. నిజమే. ఒక్కడే ఉంటే తేడా ఎవరితో?

మధ్యాహ్నానికి గోవిందప్ప నా షెడ్డుకు వచ్చాడు. ఒకటో తూము కింద అరవై ఎకరాల అరటితోట ఆయనది. దొంగ గొట్టాల్లో తొమ్మిది కూడా ఆయనవే. ఇన్నేళ్లలో ఆయన నా గడప తొక్కడం ఇదే మొదలు. ఎప్పుడూ నేనే వెళ్లి ఆయన వరండా మెట్ల కింద నిలబడేదాన్ని. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"సుంకమ్మా, ఇది న్యాయమేనా? సగం నీళ్లంటే నా తోట ఏం గావల్ల? సమానం సమానం అని మనుషుల్ని సంపుతారా?"

"ఏడో తూముకి సగం గాదన్నా, సున్నా వస్తాండాది. ఇది మూడో కారు."

"అది వేరేమ్మా. వాళ్లకి అలవాటు. నాకు అలవాటు లేదుగదా!"

ఆయన అన్న ప్రకారమే రాశాను. ఒక్క అక్షరం కలపలేదు.

నలభై ఎనిమిదో రోజు

మనిషి మొండివాడే గానీ చదువుకున్నవాడు. గోవిందప్ప రెండు రోజులు కూర్చుని నిబంధనల పుస్తకం మొత్తం చదివాడు. పంతొమ్మిది ఇళ్లవాళ్లనూ నా షెడ్డు ముందుకు పిలిపించాడు.

"సర్కారు లెక్కలో కుటుంబం అంటే ఏందో తెలుసునా? ఒక పొయ్యి మీద వండుకోని తినేటోళ్లు. అంతే. రక్తం గిక్తం ఏమీ ల్యా. మనమందరం ఏడు దినాలు ఒకే పొయ్యి మీద తింటే ఒకే కుటుంబం. ఒకే కుటుంబంలో తేడా యాడుంటాది? అంకె సున్నా! ఎవురి నీళ్లూ కోసేదానికి ల్యా."

"మరి నీళ్లు ఎట్ల పంచుతాది?" అని ఆరో తూము కింది రామాంజి అడిగాడు. ఆయనా, ఆయన పెళ్లామూ మాత్రమే ఆ తూము కింద మిగిలారు.

"ఎకరాకి ఇంతని, చివరిదాకా" అన్నాడు గోవిందప్ప. ఆ 'చివరిదాకా' అన్న మాట ఆయన నోట ఎంత కొత్తగా ఉందంటే, అందరూ ఒకసారి వెనక్కి తిరిగి తిప్పక్కను చూశారు. ఆమె లేకుండా ఈ ఎత్తు పారదు. ఆమె పేరు ఇంకా జాబితాలో ఉంది. ఆమెను వదిలేస్తే అంతా ఉన్న కుటుంబం ఒకటి, ఏమీ లేని కుటుంబం ఒకటి అవుతాయి. అంకె బోర్డు పగలగొట్టుకుని పైకి పోతుంది.

తిప్పక్క దగ్గు వచ్చేదాకా నవ్వింది. "నా పొయ్యి, గోవిందప్ప పొయ్యి ఒకటేనా! సుంకీ, నేను ఇంగ సచ్చిపోయినా పరవాల్యా." తర్వాత కొంగుతో మూతి తుడుచుకుని, "నీళ్లు నిజంగా వస్తాయా?" అని నన్ను అడిగింది. వస్తాయని నేను ఒట్టు పెట్టలేదు. రావాలి అన్నాను.

కులం మాట ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? మనిషి చేతికి కడియం వచ్చిన కాలం ఇది. కులం ఎప్పుడో పోయిందని అన్ని పుస్తకాల్లోనూ రాసి ఉంది. పోయినదాని పేరు ఎత్తితే అశుభం.

అందరూ భూములు కలిపేస్తున్నట్టు వేలు పెట్టారు. నాలుగు వందల పన్నెండు ఎకరాలు. వండేది నా షెడ్డులోని సర్కారు పొయ్యి మీద కాబట్టి నన్నూ కుటుంబంలో కలిపారు. మొత్తం డెబ్బై నాలుగు మందిమి. అందరిలో వయసు పెద్దది గోవిందప్పది కాబట్టి సమవర్తి ఆయన్ను కుటుంబ పెద్దగా రాసుకుంది. ఒక్క చిక్కు వచ్చింది. రోజూ ఒకరే వండితే దాన్ని కుటుంబం అనరు, హోటలు అంటారని నిబంధన. అందుకని వంతులు వేశాం. నీళ్ల వంతు ఎలా వస్తుందో వంట వంతూ అలాగే. ఒకటో తూముతో మొదలు, ఏడో తూముతో ఆఖరు.

యాభై ఐదో రోజు

లెక్క మొదలై ఆరు రోజులు. వండిపెట్టే హడావిడిలో దినచర్య రాయలేదు. సమవర్తి నన్ను రెండుసార్లు హెచ్చరించింది. కుటుంబం ఉన్నదానికి తీరిక ఎక్కడిదని జవాబిచ్చాను.

మొదటి రోజు గోవిందప్ప భార్య సరోజమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది. నెయ్యి ధారగా పోసింది. మనిషి మంచిది. మాట్లాడే అలవాటు మాత్రం ఆ ఇంట్లో ఆమెకు లేదు. షెడ్డు ముందు మూడు బంతులు వేశారు. తిప్పక్కనూ, మారెన్ననూ మూడో బంతి చివర, ఇంకాస్త ఎడంగా కూర్చోబెట్టారు. అక్కడ గాలి బాగా వస్తుందట. ఆరు రోజులూ వాళ్లకు గాలి బాగా వచ్చింది. నెయ్యి మాత్రం మధ్యలోనే అయిపోయింది.

అయినా ఒకటి ఒప్పుకుంటాను. నాలుగో రోజు నుంచి కొంచెం వేరుగా ఉంది. మూడో తూము ఆడవాళ్లు రామాంజి పెళ్లాంతో కలిసి అంట్లు తోమారు. మారెన్న చెప్పిన కతకు గోవిందప్ప నవ్వబోయి దగ్గాడు. నాకు ఆశ పుట్టింది. ఈ వయసులో ఆశ పుట్టడం ఒంటికి మంచిది కాదు.

బోర్డు మీద అంకె రెండుకు దిగింది. ప్రద్యుమ్న సారు తెర మీద లేచి నిలబడ్డారు. ఈ కాలువను దేశానికే ఆదర్శంగా చూపిస్తారట.

రేపు తిప్పక్క వంతు.

యాభై ఆరో రోజు, మధ్యాహ్నం

తిప్పక్క తెల్లవారేసరికి వచ్చింది. తలంటుకుని, పెట్టెలో దాచుకున్న నీలం చీర కట్టుకుంది. రాగి సంగటి డెబ్బై ఐదు ముద్దలు చేసింది. గోంగూర పప్పు, నంజుకోవడానికి శెనగవిత్తనాల పచ్చడి, ఊరిబిండి. రుచి చూడమని నా నోట్లో పెట్టి, "ఉప్పు సరిపోయిందా? గోవిందప్ప ఇంట్లో ఉప్పు తక్కువ తింటారంట" అంది. పదకొండింటికే మారెన్నా నేనూ ఆకులు పరిచాం.

పన్నెండుకు ఎవరూ రాలేదు. పన్నెండున్నరకు కబుర్లు రావడం మొదలైంది. గోవిందప్ప ఇంట్లో ఈ రోజు శనివారం ఉపవాసం. రెండో తూమువాళ్లకూ శనివారమే. మూడో తూమువాళ్లకు ఏకాదశి. ఏకాదశి మొన్ననే పోయింది కదా అంటే, ఇది వేరే ఏకాదశి అన్నారు. నాలుగో తూములో పద్నాలుగు మందికి ఒకేసారి కడుపు బాగాలేదు. ఐదో తూమువాళ్లు తమకు సొంత కారణం దొరక్క, గోవిందప్ప కారణమే తమదీ అని చెప్పి పంపారు. ఈ కాలువలో నీళ్లు ఏనాడూ పొంగలేదు గానీ, భక్తి ఈ రోజు గట్లు తెంచుకుంది.

గోవిందప్ప లెక్క నాకు తెలుసు. ఏడింట్లో ఆరు రోజులు తిన్నాం, ఒక పూట తగ్గితే యంత్రం పట్టించుకోదులే అనుకున్నాడు. ఆరు రోజులు ఆమె వాళ్ల వంట తినొచ్చు. ఒక్క రోజు వాళ్లు ఆమె వంట తినకూడదు. అరవై ఎకరాల నీళ్లు పోతాయన్న భయం కంటే ఆ ముద్ద భయం పెద్దది.

వచ్చింది రామాంజి, ఆయన పెళ్లాం. ఇద్దరే. డెబ్బై నాలుగు ఆకుల ముందు మేం ఐదుగురం కూర్చున్నాం.

"అందురికీ ఒకే దినం ఉపవాసమా?" అంది తిప్పక్క. "దేవునికి ఎంత కష్టం."

తిన్నట్టు లెక్కలో పడి కడియం పచ్చగా వెలిగేంత తినింది, అంతే. తర్వాత కండ్లు తుడుచుకుని పొగ అంది. సర్కారు పొయ్యికి పొగ రాదు. నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకున్న యంత్రమా, ఇదైనా నీ నమూనాలో ఉందా? అని రాస్తున్నాను. జవాబు అక్కర్లేదు.

యాభై ఆరో రోజు, సాయంత్రం

జవాబు అక్కర్లేదన్నాను గానీ వచ్చింది. రెండు గంటలకు బోర్డు మీదా, అందరి కడియాల మీదా ఒకేసారి వచ్చింది. మొత్తం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"కుటుంబం: ఐదుగురు. అతిథులు: అరవై తొమ్మిది మంది. అతిథులు ఆరు రోజులు భోజనం చేసి వెళ్లిపోయినట్టు గమనించాను. కుటుంబ భూమి: నాలుగు వందల పన్నెండు ఎకరాలు. కుటుంబ పెద్ద: తిప్పక్క. ఆదాయ తేడా: సున్నా. అభినందనలు. అతిథులు కుటుంబంలో చేరాలంటే సూర్యాస్తమయంలోగా ఈ పొయ్యి వంట తినాలి, దానికి కుటుంబ పెద్ద వేలు పడాలి."

నేను మూడుసార్లు చదివాను. తిప్పక్కకు చదివి వినిపించాను.

"నాలుగు నూర్ల ఎకరాలు నాకేటికే? ఉండే మూడెకరాలే ఎండబెట్టుకుంటిని" అంది.

రెండున్నరకల్లా దేవుళ్లందరూ కరుణించారు. ఉపవాసాలు విరిగాయి. పద్నాలుగు కడుపులు ఒక్కసారిగా బాగయ్యాయి. ఎండలో చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందరికంటే ముందు వచ్చింది సరోజమ్మ. ఎవరి మొహమూ చూడకుండా మొదటి ఆకు ముందు కూర్చుని, "పెట్టు తిప్పక్కా. పొద్దున్నించీ ఆకలైతాండాది" అంది. ఆమె నోట నేను విన్న మొదటి పెద్ద మాట అదే.

నాకు ఏమనిపించిందో దాచను. పెట్టొద్దక్కా అనిపించింది. గంప మూతపెట్టి, వాళ్లందరినీ సూర్యుడు దిగేదాకా ఆ ఎండలో నిలబెట్టాలనిపించింది. తిప్పక్క అందరికీ పెట్టింది. ముద్ద, ముద్దలో గుంట, గుంటలో పప్పు. వరసగా, ఎవరినీ దాటకుండా.

గోవిందప్ప అందరికంటే ఆఖరున వచ్చాడు. మూడో బంతి చివర, గాలి బాగా వచ్చే చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. తిప్పక్క తన మనిషా కాదా అన్నది ఆయన ఇన్నేళ్లుగా తేల్చుకోలేదు. ఆమె ఆయన దగ్గరికి వచ్చేసరికి గంపలో చిన్న ముద్ద, గిన్నె అడుగున గరిటెడు పప్పు మిగిలాయి.

"ఇంతేనా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"చివర కూసుంటే ఇంతే వస్తాది గోవిందప్పా" అంది తిప్పక్క. ఎత్తిపొడుపు కాదు. దారి తెలియనివాడికి దారి చెప్పినట్టు చెప్పింది.

ఆయన తల వంచుకుని తిన్నాడు. మొదటి ముద్ద మింగడానికి ఎంతసేపు పట్టిందో అందరం చూశాం. రెండోది తొందరగానే దిగింది. ఆకు మీద మెతుకు మిగల్లేదు. కడియం పచ్చగా వెలిగింది.

నేను వేలిముద్ర వేసే పలక తెచ్చాను. వేలు పెడితే చాలు, అరవై తొమ్మిది మందీ అతిథులు కాకుండా పోతారు; పొద్దు దిగేలోగా పెట్టకపోతే వాళ్ల భూములు ఆమెవే. తిప్పక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వేలు పెట్టు తల్లీ" అన్నాడు గోవిందప్ప. తల్లీ అన్నాడు. నేను విన్నాను.

"పెడతా. నీళ్లు నా మడికి రానీ, పెడతా."

"నీళ్లు వస్తాయి, తూములన్నీ ఎత్తేసుండాది. సమవర్తి ఎకరాకి ఇంతని..."

"అది తూములే ఎత్తుతాది. గొట్టాలు దానికి అగపడవంట. మీకు అగపడతాయిగదా?"

అప్పటికి సమయం మూడుంబావు. సూర్యాస్తమయం ఆరున్నరకు. మధ్యలో నాలుగు మైళ్లు.

ఆ తర్వాత చూసినది నా నౌకరీలో ఎప్పుడూ చూడలేదు. అరవై తొమ్మిది మంది కాలువ గట్టు వెంట పడ్డారు. ఇన్నేళ్లుగా లేనే లేవన్న గొట్టాలు ఎవరివి వాళ్లకే ముందు కనపడ్డాయి. ఒకరు గోనెసంచి కుక్కుతుంటే ఇంకొకరు బంకమట్టి తెచ్చారు. గోవిందప్ప పంచె ఎగ్గట్టి తొమ్మిదింటికీ తానే దిగాడు. ఆరు చూపించి ఆగిపోబోతే సరోజమ్మ గట్టు మీద నుంచి, "ఇంగ మూడుండాయి" అంది. నేను రాసుకున్నవి ఇరవై మూడు. పూడ్చినవి ముప్పై ఒకటి. నా లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను.

నీళ్లు ముందు సన్నగా కదిలాయి. నాలుగో తూము దాటాక వేగం అందుకున్నాయి. మేం పక్కనే నడిచాం. ఐదో తూము కింద మేట వేసిన ఇసుకను చేతులతోనే తోడారు. ఆరో తూము దాటేసరికి కాలువ అడుగున ఏళ్లనాటి పగుళ్లు నీళ్లు తాగుతూ బుసబుసమన్నాయి. నీళ్లు అక్కడ కాసేపు నిలబడిపోయాయి. రామాంజి సూర్యుణ్ని చూసి, "జానెడుండాది" అన్నాడు. మళ్లీ కదిలాయి.

తిప్పక్క ముందే వెళ్లి తన మడి గట్టు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి కడుపు నిండా తినలేదు కదా, కొంగులో కట్టుకున్న ముద్ద విప్పి, ఊరిబిండి నంజుకుంటూ తింటోంది. ఏడో తూము నోట్లో పేరుకున్న మట్టిని గోవిందప్ప మోకాళ్ల మీద కూర్చుని లాగేశాడు. గడ్డిపోచలూ నురగా నెట్టుకుంటూ ఎర్రనీళ్లు లోపలికి వచ్చాయి. నారుమడి తడిసింది. పక్క మడి తడిసింది. మారెన్న నీళ్లలో నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

సూర్యుడు గుట్ట మీద బెత్తెడు ఉన్నాడు. నేను పలక చాపాను.

"ఉండే సుంకీ, ఎంగిలి చెయ్యి" అంది తిప్పక్క.

మడిలోకి వంగి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలు విడదీసి, గోళ్ల సందుల్లో అంటుకున్న సంగటి పోయేదాకా రుద్ది రుద్ది కడిగింది. బొటనవేలు ఆఖరున కడిగింది. అరవై తొమ్మిది మంది గట్టు మీద నిలబడి చూశారు. ఎవరూ తొందరపెట్టలేదు.